సున్నం ఓడెక్కలేదు

ద్వీపంలో పాత పిచ్చాసుపత్రి.
ఇప్పుడక్కడ పిచ్చివాళ్లు లేరు, రిజిస్టర్లున్నాయి.
బూజు దులిపి, అంకెలేసి
అట్టపెట్టెల్లో సర్దడం నా ఉద్యోగం.
వెనిస్ నుంచి తొమ్మిది గంటల పడవలో వస్తాను.

పద్దెనిమిది వందల ఎనభై నాలుగు, ఏప్రిల్.
జానెత్తా బొర్తొలాత్సో, కూలి, ముప్పై ఒక్క ఏళ్లు.
చేతులు మణికట్టు దాకా నల్లబడి పెచ్చులు లేస్తున్నాయి,
కాలిన తొడుగులు వేసుకున్నట్టు.
మెడ చుట్టూ ఎర్రని పట్టీ.
"ఈమెకున్న నగ ఇదొక్కటే" అని
ఎవరో డాక్టరు పక్కన రాసి, కొట్టేశాడు.
నదిలోకి నడిచి పోతుంటే
ఇసుక పడవవాళ్లు జుట్టు పట్టి లాగారట.
ఎందుకు దిగావంటే
"నీళ్లు పిలిచాయి" అంది.

తిండి అన్న గడిలో ఒకటే మాట: సంకటి.
పొద్దున సంకటి, రాత్రి సంకటి.
మొక్కజొన్న పిండి, దొరికిన నాడు ఉప్పు.
గోధుమ ఆమె కోసేది, దొర అమ్ముకునేవాడు.
కడుపు నిండేది.
ఒంటికి పట్టేది కాదు.

ఆ ఇళ్లల్లో బల్ల మీదుగా
దూలానికి దారం కట్టి ఒక ఎండుచేప వేలాడదీసేవాళ్లు.
పిల్లలంతా సంకటి ముక్కని దానికి రాసి రాసి తినాలి.
వాసన ముక్కకి అంటేది.
సత్తువ చేపలోనే ఉండిపోయేది.

ఆసుపత్రిలో రొట్టె పెట్టారు, పాలిచ్చారు,
ఆదివారాలు మాంసం పులుసు.
ఆరు వారాల్లో చర్మం మెత్తబడింది.
పిల్లల పేర్లు వరసగా అప్పజెప్పింది,
చచ్చిపోయినవాడితో సహా.
నయమైందని ఇంటికి పంపారు.
ఇంటికి, అంటే సంకటికి.

ఎనభై అయిదు, మార్చి: జానెత్తా.
ఎనభై ఆరు, మార్చి: జానెత్తా.
పీచ్ చెట్టు పూసేవేళకి
ఆమె చేతులు పగిలేవి.
డాక్టర్లు కారణాలు వెతికారు.
బూజు గింజ అన్నారు, ఎండ అన్నారు, వంశం అన్నారు,
ఒకాయన సోమరితనం అన్నాడు.
ఆమె తాగిన పాలగ్లాసు కడిగి బోర్లించిన దాదిని
ఎవరూ ఏమీ అడగలేదు.

ఎనభై ఏడులో పేరు లేదు.
ఆ మార్చి అంతా రెండుసార్లు తిరగేశాను.
నది రిజిస్టర్లు రాయదు.

కింద క్యాంటీన్‌లో నిసెఫోరా పనిచేస్తుంది,
మెక్సికోలో వహాకా కొండల మనిషి, మాట తక్కువ.
ఓ మధ్యాహ్నం ఆ పేజీ చదివి వినిపించాను.
అయ్యో అనలేదు. గరిటె పక్కన పెట్టి అడిగింది:
"మరి సున్నంలో ఉడకబెట్టలేదా?"

సున్నమా?

"గింజకి సున్నపు నీళ్లు పోసి ఉడికించి
రాత్రంతా వదిలెయ్యాలి.
పొద్దునకి తొక్క ఊడొస్తుంది. కడిగి రుబ్బుకోవాలి.
అలా చెయ్యకుండా తింటే
తాళం వేసిన పెట్టెని మింగినట్టే అనేది మా అమ్మమ్మ."

నయాసిన్ అంటారు దాన్ని. బి విటమిన్లలో ఒకటి.
రోజుకి చిటికెలో చిటికెడు చాలు.
గింజలో ఉంటుంది. ఉండీ పేగుకి తలుపు తీయదు.
సున్నం తీయిస్తుంది.
ఈ మాట నిసెఫోరా అమ్మమ్మకి తెలుసు, పేరే తెలియదు.
ఇక్కడ పేరు పెట్టేనాటికి
జానెత్తా మనవలు కూడా ముసలివాళ్లు.

మూడొందల ఏళ్ల ముందు గింజ ఓడెక్కి వచ్చింది.
తెచ్చినవాళ్లు గింజని కొలిచారు, తూచారు, పన్ను వేశారు.
వండే ఆడవాళ్లని నోరు తెరిచి అడగలేదు.
సున్నం అవతలి రేవులోనే నిలబడిపోయింది.

లేదు, ఆ మాటా పూర్తిగా నిజం కాదు.
లెక్కల పుస్తకం తీసి చూశాను.
ఎనభై అయిదు, మే నెల:
ఆడవాళ్ల వార్డు గోడలకి వెల్ల, సున్నం పన్నెండు బస్తాలు.
జానెత్తా మంచం ఆ గోడకే ఆనించి ఉండాలి.

తిండి గడిలో పెన్సిల్‌తో ఒక మాట చేర్చబోయాను.
రిజిస్టర్లో మేం రాయకూడదు.

ఆఖరి పడవకి ముందు నిసెఫోరా
గుడ్డలో చుట్టిన రొట్టె విరిచి సగం నా చేతిలో పెట్టింది.
అప్పుడే వెల్లవేసిన గోడ వాసన.
రేవు మెట్ల మీద కూచుని
నెమ్మదిగా నమిలాను.