ఎస్ కాదు, ఆర్

బషీర్‌బాగ్‌ల మూడో అంతస్తు.
లిఫ్టుకు రిపేర్ బోర్డు పెట్టి పదకొండు నెలలు.
ఇక్కడనే నాకు రెండోసారి అక్షరాభ్యాసం అయింది.
పలక లేదు. ఎర్ర కార్బన్ టికెట్టు.
ఆ ఎరుపు వేలికంటితే
అన్నం కలిపినా పోయేది కాదు.

గురువు ముర్తుజా సాబ్.
ఒక టికెట్టు నా ముందు పరిచి
"చదువు బేటీ" అన్నరు.
చదివిన: పేరు, ఊరు, తేదీ.
"అది అందరు చదివేదే. మిగిలింది చదువు."

మిగిలింది చాలా ఉండె.
ఇంటిపేరు ముందుగాల, ఒక ఏటవాలు గీత, ఆ తర్వాత సొంత పేరు,
దానికి సందు లేకుండ అంటుకున్న మిస్టర్.
గంగాధర్‌మిస్టర్, నర్సయ్యమిస్టర్,
ఊర్ల ఎవ్వరూ గారు అనని వాళ్ళను
టికెట్టు మాత్రం ఊపిరాడకుండ మర్యాద చేసేది.

ఓకే అంటే సీటున్నట్టు.
ఆర్ క్యూ అంటే అడిగినం, జవాబు రాలేదన్నట్టు.
"ఆర్ క్యూ పట్టుకొని ఎయిర్‌పోర్టుకు పోయినోడు
పిలవని పెండ్లికి పోయినోడు" అనేటోరు సాబ్,
"తిండి దొరకొచ్చు, కుర్చీ దొరకది."

ఒకే వరుసల ఇద్దరు, ఒకే ఉప్మా డబ్బా.
ఒకని మీద వై, ఒకని మీద ఎల్.
వై ఉన్నోడు రేపంటె రేపు, ఎల్లుండంటె ఎల్లుండి.
ఎల్ ఉన్నోనికి ఇంట్ల పీనుగ లేచినా తేదీ మారది.
అక్షరం వాని చేతికిచ్చి
అర్థం మా దగ్గర దాచిన్రు.

బాంబే పేరు మారింది, మద్రాసు పేరు మారింది,
టికెట్టుకు ఆ కబురు ఇంకా అందలే.
మా ఎచ్ వై డి పేరు మార్చలే, ఇల్లు మార్చింది.
బేగంపేట ఖాళీ చేసిన రాత్రి
మూడక్షరాలను మూట గట్టి షంషాబాద్‌ల దించిన్రు.
బేగంపేటకు వేరే మూడక్షరాలు వచ్చినయి,
సాబ్ అవి ఒక్కనాడు నోటితోటి పలకలే.

ముప్పై ఒక్క ఏండ్లు ఊరందరినీ విమానమెక్కించి
తాను ఎక్కలే.
రిటైరైన ఆరో ఏట ఉమ్రాకు బయలుదేరిన్రు.
టికెట్టు నేనే కొట్టిన. ఎచ్ వై డి, జె ఇ డి.
ఆయన మోకాళ్ళు యాదికొచ్చి, అడగకుండ
కింద ఇంకో లైను: డబ్ల్యూ సి ఎచ్ ఎస్.

వాట్సాప్‌ల పంపిన గంటకు
మెట్ల మీద చెప్పుల చప్పుడు.
చాలాసేపు చప్పుడే. ఆ తర్వాత మనిషి.
తలుపు పట్టుకొని, ఊపిరి అందక,
చేతిల ప్రింటు తీయించిన కాయితం.

ఎన్ని వేల మందికి రాసినమో ఇట్లాంటి లైన్లు,
ఇది నా గురించేనా అని ఒక్కరు అడగలే.
చదువొచ్చిన ప్రయాణికుడు నాకు ఇదే మొదలు.

"ఆర్ అంటే ఏంది?"
దూరం నడవలేరు, మెట్లు ఎక్కుతరు.
"ఎస్?"
మెట్లు ఎక్కలేరు.
"సి?"
సీటు దాకా ఎత్తుకొని పోవాలె.
"మరి నేనిప్పుడు ఎన్నో అంతస్తుల నిలబడ్డ?"

ఆ లైను కొట్టేసిన. ఆర్ పెట్టిన.
అదీ వద్దంటరనుకున్న, అనలే.
గ్లాసెడు నీళ్ళు తాగి
"చూపియ్" అని తెర మీదికి వంగిన్రు.
కొట్టేసింది యాడికీ పోదని ఇద్దరికీ ఎరుకే.
హిస్టరీ తెరిస్తే ఉంటది,
ఎవరు పెట్టిన్రు, ఎప్పుడు తీసిన్రు,
నా రెండక్షరాల సంతకంతో సహా.

"కింది దాకా వస్త సాబ్" అంటే చెయ్యి అడ్డం పెట్టిన్రు.
చెప్పుల చప్పుడు దిగుకుంట పోయింది.
రెండో అంతస్తు మలుపు కాడ ఆగింది.
ఫోన్ల ఎవరో పేరు స్పెల్లింగు చెప్తున్నరు,
నేను ఒక్కక్షరం కొట్టలే.
మళ్ళ మొదలైంది.