జోకేటామె

కాజీపేట చౌరస్తల ఇరవై రెండేండ్ల సంది
జోకుతున్న.
జామ, సంత్ర, సీతాఫలం, ఎండకాలం తాటిముంజ.
నన్ను మాత్రం ఎవరూ జోకలే.

మొన్న బస్తీ దవాఖానల
అద్దం లెక్కున్న మిషినెక్కుమన్నది నర్సమ్మ.
ఎనభై ఒకటి.
నా బండి మీద గిట్లుంటే
"మొగ్గు ఎక్కువైంది, రెండు కాయలు తీస్త" అనేదాన్ని.

"మోకాళ్ళు నొయ్యకుంటే ఏం జేస్తయి,
పది కిలోలు దించు" అన్నడు సారు.
పది కిలోలంటే సగం సంత్ర పెట్టె.
దినాం లారీల నుంచి దించుతనే ఉన్న సారూ,
ఒంటి మీదికెల్లి ఎట్ల దించాలె?

చాయల చక్కెర బందు పెట్టిన.
మొదటి వారం చాయ తాగుతుంటే
ఎవరింటికో పైసలడగబోయి
గడపల నిలబడ్డట్టుండె.
తర్వాత అలవాటైంది.

కని, పండు?
పండులున్నది చక్కెర గాదా?

ఇరవై రెండేండ్లు జనం నన్నడిగిన మాటనే ఇది.
రిటైరైన లెక్కల సారు
జామకాయను డాక్టరు చీటి లెక్క
తిప్పి తిప్పి చూసి అడుగుతడు.
ఒక పెండ్లిపిల్ల అడిగింది,
జాకెటు ముందే కుట్టిచ్చుకున్నదట,
పట్టాలె గద మరి.
అందరికీ ఒకటే జవాబు చెప్పిన:
"దేవుడు పెట్టిన తీపికి దోషం లేదు బిడ్డా. కిలో ఎనభై."
అమ్ముకునేదాని నోట్లె
దేవుడు సుత కిలో లెక్కనే వస్తడు.

ఇప్పుడు నా బండి ముందట నేనే నిలబడ్డ.
నిజం చెప్పు ఓదెమ్మా.

ఎదురుంగ యాకూబ్ జూసు బండి.
ఆరు బత్తాయిలు కోస్తడు, పిండుతడు,
ఒక్క గిలాస.
పిప్పి బర్రెల డబ్బలకు పోతది.
గిలాస నాలుగు గుటకలు.
ఆరు బత్తాయిలు ఒలుచుకొని, నమిలి, తిని లేచినోన్ని
నేనింతవరకు చూడలే.
రెండో కాయ కాడనే దవడ అడుగుతది, చాలా? అని.
గుటకకు అడిగేటోడు లేడు.

"ఇగో యాకూబూ, ఒళ్ళు పెంచేది నీ బండా, నా బండా?"
"పిప్పి తిన్న బర్రెలు సన్నబడ్డయా అక్కా?"
నవ్విండు.
నేనూ నవ్విన.
కని ఎనభై ఒకటి నవ్వలే.

నేను జూసు తాగ. పైసలు పెట్టాలె గద.
మరి ఏడికెల్లి వచ్చింది?

రాత్రి తొమ్మిదిన్నరకు తెలిసింది,
బండి మీద గోనె కప్పేటప్పుడు.

ములుగు దిక్కు నుంచి వచ్చిన సీతాఫలం గంప.
పొద్దున రాయి. పొద్దూకంగ కండ్లు విచ్చుతది.
తెల్లారితే నలుపు, ఈగలు.
ఇంకా తొమ్మిది మిగిలినయి.
పారేస్తే
గిరిగిరి అప్పు పైసలు మోరీల ఏసినట్టే.
అందుకే బువ్వ తిన్నంక
గడప మీద కూసుండి
గింజలుమ్ముకుంట ఒక్కొక్కటి తినేదాన్ని.
ఆకలి లేదు.
ఆరో కాయకు తీపి సుత తెల్వది.

పండ్లు గాదు నేను తిన్నది.
అమ్ముడుపోనిదంత తిన్న.
ఇరవై రెండేండ్ల నష్టం
మోరీల పడకుండ
నా నడుముల దాసుకున్న.

ఆ రాత్రి ఎనిమిది కాయలు
ఆటో అడ్డ కాడ సగం ధరకిచ్చిన.
నలభై రూపాయలు పాయె.
తొమ్మిదోది ఇంటికి తెచ్చిన.
చానా సేపు తిన్న.
గింజ గింజకు అంటుకున్న ఆ తెల్లటి మెత్తన
ఇంత రుచుంటదని
అమ్మేదాన్నయి ఉండి నాకే తెల్వకపాయె.

తెల్లారి లెక్కల సారు వచ్చిండు.
జామకాయ తిప్పి తిప్పి చూసిండు.
"ఒక్కటి తీస్కో సారూ,
తొక్కతోనే నమిలి తిను.
కిలో ఎందుకు, ఒక్కనివే గదా?"

అన్నంక నాలుక కర్సుకున్న.
ఆరింటికి గిరిగిరాయన వస్తడు.

సారు ఒక్కటే తీసుకొని పోయిండు.
కాంట ముల్లు కొంచెం ఊగి
నా దిక్కే చూసుకుంట ఆగింది.