ఐదు పైసలు తక్కువ

ఆ ఏడు కొత్తమ్మ తల్లి జాతరకి
కోటబొమ్మాళిలో వాన పడలేదంటావు నువ్వు.
పడింది కాంతమ్మా.
బెల్లం పాకం లాగేవాడికి తెలీదా?
గాలిలో తడి ఉంటే జీడి తెల్లబడదు,
వేలికంటుకుని వదలదు.
ఆ సాయంత్రం మేకుకి తగిలించి లాగుతుంటే
ముద్ద ముద్దంతా నా మీదకే జారింది.
"గుంటడా, సూపెక్కడుంది నీకు?" అని
మా అయ్య ఒకటే తిట్టు.

చూపు నీ దగ్గరుంది.

పొందూరు నుంచి పాసింజరులో దిగారు మీరు,
నువ్వూ, మీ మేనత్త రవణమ్మా,
నూలు వడికే ఆడవాళ్ళు ఇంకో ఇద్దరూ.
అందరి జుట్టులోనూ దూది నలుసులు.
వాళ్ళు దులుపుకున్నారు,
నువ్వు దులుపుకోలేదు.
పెట్రోమాక్సు వెలుగులో అవి
ఎలా ఉన్నాయో ఏదైనా పోలిక చెబుదామని
ఏభై ఏళ్ళుగా వెతుకుతున్నాను.
దూది నలుసుల్లాగే ఉన్నాయి.

పావలా ఇచ్చి పది పైసల జీళ్ళడిగావు.
పదిహేను తిరిగివ్వాలి.
పదే ఇచ్చాను.
గాజుల కొట్టుదాకా లెక్కపెట్టుకుంటూ వెళ్ళి
అక్కణ్ణుంచి వెనక్కొచ్చావు.
"ఐదు పైసలు తక్కువ."
"చిల్లర లేదు, కాసేపాగి రా."

రంగులరాట్నం దిగి ఓసారి వచ్చావు.
మోకాలు అదిమిపెట్టి ఆపాను
గల్లాపెట్టెలో గలగలని.
తప్పెటగుళ్ళు మొదలయ్యాక మళ్ళీ వచ్చావు.
వాళ్ళు రొమ్ముకి కట్టుకున్న తప్పెట్లు వాయిస్తూ ఎగురుతున్నారు,
నాకు ఏమీ కట్టకుండానే మోగుతోంది.
నడుం మీద చెయ్యేసుకుని అన్నావు:
"నీకు లెక్క రాదా?
నాను రావాలా?"

అప్పుడే మీ మేనత్త వెనకనుంచి
"ఎవుడే ఆడు?" అంది.
నీ నోట్లో నా జీడి.
పైపళ్ళూ కిందిపళ్ళూ అతుక్కుపోయి
"మ్మ్" అన్నావు.
ఔననో కాదనో ఆవిడకి తెలీలేదు,
నాకూ తెలీలేదు.

రాత్రి బండి కూత వినబడితే
పొయ్యి మీద పాకం వదిలేసి స్టేషనుకి పరిగెత్తాను.
ఏ పెట్టెలో ఎక్కావో కనబడలేదు.
అన్ని కిటికీలకీ చెయ్యూపాను.
ఎవరో ముసలాయన తిరిగి ఊపాడు.
మాడిపోయిన ఆ వాయిని మర్నాడు మా అయ్య
నల్లజీళ్ళని చెప్పి అమ్మాడు,
బాగానే పోయాయి.

ఆ "మ్మ్" ఒక్కటీ పట్టుకుని
పై శుక్రవారం పొందూరొచ్చాను.
వీధి వీధంతా రాట్నాల చప్పుడు.
నువ్వు అరుగు మీద
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతున్నావు.
తలెత్తకుండానే అడిగావు,
"ఐదు పైసలు తెచ్చినావా?"
"మర్సిపోనాను."
"మంచిది," అన్నావు.

మొన్న టెక్కలిలో మందుల కొట్టు దగ్గర
మెట్టు దిగకుండానే నిలబడి
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టావు.
వెనక జనం, కొట్టు కుర్రాడి విసుగు,
సన్నగా జల్లు, అదీ వాన కాదనే అంటావు.
"తక్కువిచ్చాడా?" అన్నాను.

"సరిగ్గానే ఇచ్చినాడు" అని
కొంగుముడి బిగించుకున్నావు.
"ఆడికేటి తెలుసు, పాపం."