ఇరవై తక్కువ

కంభం రోడ్డులో నా పుస్తకాల అంగడికి
ఖాసింబీ మనవరాలితో వచ్చింది.
చైనా పలక చూపించమంది.

నూట నలభై.
వేలితో గీస్తే పచ్చగా వెలుగుతుంది,
మీట నొక్కితే
రాసిందంతా ఎటు పోతుందో పోతుంది.

మన ఊరి రాతిపలక ఉంది కదా, అరవైకిస్తా అన్నా.
ఇరవై రెండేళ్లు పలకలకు చట్రాలు బిగించిన మనిషితో
అనకూడదేమో ఆ మాట.

ఆమె నావైపు చూళ్ళేదు.
మూల పేర్చిన వాటిలోంచి ఒకటి తీసి
బొటనవేలి గోరుతో తట్టింది.
ఖంగున పలికింది.
"మంచి రాయే" అంది. పెట్టేసింది.

"మా ఆయన ఊపిరి తీసిన దుమ్ము ఇదే గదయ్యా.
కొనమంటావా?"

స్వదేశీ అనే మాట
నా నోట్లో బలపం ముక్కలా ఆగిపోయింది.

ఆ ప్లాస్టిక్కు కరిగించే చోట
ఏ తల్లి దగ్గుతోందో
అట్టపెట్టె మీద రాయలేదు.
నేనూ ఎప్పుడూ వెతకలేదు.
ఒక్కోదానికి యాభై మిగులుతుంది నాకు.

పిల్ల అప్పుడే 'అ' రాసి చెరిపి
మళ్ళీ రాసి చెరుపుతోంది.

ఇరవై తక్కువైంది.
'అప్పు రేపు' అని గోడకు తగిలించిన
మార్కాపురం పలక దించి,
ఉమ్మి తడితో ఒక మూల తుడిచి
ఖాసింబీ, ఇరవై అని రాసుకున్నా.

చట్రం మూలన మేకు
ఇంకా కదల్లేదు.