ఏటి

ఆదివారం తెల్లారగట్ల నాలుగింటికి
ఆటో టాపు మీద కట్టిన కయాక్
స్పీడ్ బ్రేకరు దగ్గరల్లా ఒకసారి మూలుగుతుంది.
భీమిలి రిసార్టు వాళ్లు అమ్మేసిన పాతది,
నిమ్మపండు రంగు, అడుగున రెండు అతుకులు.
కళింగపట్నంలో టీ కొట్టు ఇంకా తెరవలేదు.
కుక్కలకి మాత్రం నేను తెలుసు.

వారమంతా కరెంటు మీటర్లు చదువుతాను.
ఎవరింట్లో ఎన్ని యూనిట్లు కాలాయో
నోటికి చెప్పగలను.
ఈ ఒక్క పూట
అంకెల్లేని నీళ్లు కావాలి నాకు.

వంశధార ఇక్కడ నదీ కాదు, సముద్రమూ కాదు.
పోటుకి ఉప్పు, పాటుకి తీపి,
మధ్యలో ఓ అరగంట
ఎటూ తేల్చుకోలేక నిలబడిపోతుంది.
పండుగప్ప వేటకి దిగేది అప్పుడే.

తెడ్డు ఎత్తితే చుక్కలు మోచేతి మీదుగా
చంకలోకి జారతాయి.
మొగలి పొదలు దాటాక విరిగిన రేవు గుంజలు.
అక్కడికి విసురుతాను
వేలెడు ప్లాస్టిక్ చేపని.
రెండు గాలాలు, అతికించిన కన్ను,
కడుపులో గలగలమనే ఉక్కు గుళ్లు.
లాగితే ఈదుతుంది. ఆపితే చచ్చినట్టు తేలుతుంది.
చిన్నగా తుళ్లిస్తే, దెబ్బ తగిలిన పరిగె పిల్ల.
అబద్ధం ఆడటం కాదు కష్టం,
మధ్యలో ఆగడం.

తెప్ప మీద వల సర్దుకుంటూ గనగళ్ల దానేసు
"ఏటి మీటరు బాబూ, ఇయ్యాలా బొమ్మ సేపేనా?"

మా యాసలో ఏటి అంటే ఏమిటని.
ఏటి అంటే ఏరుదని కూడా.
ఏటి గాలి, ఏటి గట్టు, ఏటి నీళ్లు,
ఇక్కడ ఏ మాట ఎత్తినా
ముందు ఏరు మనల్నే అడిగినట్టుంటుంది.

ఏడో విసురు. కాదు, ఎనిమిదోది.
నీటి అడుగున ఎవరో
గుబ్బుమని తలుపు వేసుకున్నారు.
పడవ ముక్కు తిరిగింది.
గేదె పలుపు చేతికి చుట్టుకున్న పిల్లాడిలా
దాని వెనకే పోయాను,
గుంజల మధ్యకి, మళ్లీ బయటికి.
ఒక్కసారి గాల్లోకి లేచి తల విదిలించింది.
గలగల.
నా అబద్ధం దాని దవడలోంచి వినపడింది.

పడవ పక్కకి వచ్చేసరికి
నా చెయ్యంత పొడవు, మీద జానెడు.
టార్చి వెలుగులో కన్ను కణకణలాడింది.
మొప్ప అంచు బొటనవేలు కోసింది.
ఇంత పెద్దదైతే ఆడదే.
ఈ జాతి మగదిగా పెరిగి
ఒళ్లు ముదిరాక ఆడదవుతుందట.
ఆషాఢం, కడుపు బరువుగా ఉంది.
గాలం ఊడదీసి, తోక పట్టుకుని
ప్రవాహానికి ఎదురు నిలిపాను.
మొప్పలు తెరిచింది, మూసింది, తెరిచింది,
నా అరచేతిని ఒక్క తోపు తోసి వెళ్లిపోయింది.

గొప్పగానే అనిపించింది, దాచను.
ఫోటో కూడా తీసుకున్నాను.

దానేసు వలలో నాలుగు పీతలు, ఒక చెప్పు.
"మూడేలు నీల్లల్లో కలిపీసినావు గదేటి బాబూ."
తిట్టలేదు. నవ్వనూ లేదు.
చెప్పు ఏటిలోకి విసిరి అన్నాడు:
"తినడానికి నొప్పెడితే అదో లెక్క.
వదిలీడానికి నొప్పెట్టడం ఏటి?"

చాలాసేపు తెడ్డు వెయ్యలేదు.
వాళ్లింటి మీటరు నాకు తెలుసు.
నెలకి నలభై రెండు యూనిట్లు,
రెండు బల్బులు, ఒక ఫ్యాను,
మూడు నెలల బకాయి.

ఒడ్డుకి చేరాక పడవ ఒక కొస తనే పట్టాడు.
బోర్లించి, అతుకు మీద గోరుతో గీసి చూసి
"ఇది వదిలీసింది, సల్లగా నీరెక్కుతోంది.
తారెయ్యి, బేగి" అన్నాడు.
సరేనన్నాను.
బొటనవేలు ఇంకా మండుతోంది.
రేపు సోమవారం.
వాళ్ల వీధే.