నాలుగో పెంచలమ్మ

పోయిన శుక్రవారం ఓనరు
చెప్పులు కూడా విప్పకుండా లోపలికొచ్చి
"పేర్లన్నీ అక్షరాల వరసలో పెట్టు మే,
ఆడిటరు అడగతన్నాడు" అన్నాడు.
పెట్టాను.
ఒక్క నొక్కు.
అరవై ముగ్గురు ఆడోళ్లు
రెప్పపాటులో లేచి, చోట్లు మారి, మళ్లీ కూర్చున్నారు.
గాజుల చప్పుడు లేదు. ఒక్క బేసినూ తొణకలేదు.

విడవలూరు రోడ్డులో మా రొయ్యల షెడ్డుకు
ఉండేది ఒకటే ఫైలు, అందులో మూడు షీట్లు.
పేర్లు ఒకదాంట్లో,
ఒలిచిన కిలోలు ఒకదాంట్లో,
వాడుకున్న అడ్వాన్సులు ఇంకోదాంట్లో.
ఇక్కడి పదిహేడో వరస
అక్కడి పదిహేడో వరసను నమ్ముకొని
ఏడాదిగా కాపరం చేస్తోంది.
నేను కదిపింది మొదటి షీటునే.
మిగతా రెండూ
కబురందని చుట్టాల్లా
ఉన్నచోటే ఉండిపోయాయి.
సేవ్ చేశాను. మూసేశాను.
ఇంటికి పోయి పప్పుచారు తిని పడుకున్నాను.

శనివారం కూలి పంచే రోజు.
మొదట కామాక్షమ్మ.
బిడ్డకు జొరమని వారంలో రెండు పూటలే వచ్చింది.
ఆమె చేతిలో నాలుగు వేలు పెట్టాను.
నోట్లు చూసింది. నా మొహం చూసింది.
"ఇది నాది కాదు మే."

వెనకాలే చెంచులక్ష్మి.
ముప్పై కౌంటు రొయ్య
ఆమె వేలు తగిలితే చాలు, తానే తల దించుతుంది.
కిలోలు: ఆరు.
అడ్వాన్సు: తొమ్మిది వేలు.
"నేనెప్పుడు తీసుకున్నా?
తొమ్మిది వేలు ఒక్కసారిగా
కంటితో కూడా చూళ్లేదే!"

షెడ్డులో ఐసు కరిగే చప్పుడు.
ఎవరిదీ బాకీ?
ఊరుకుంటే ఊడిపోయే బాకీ.
అక్షరాల్లో ఆఖరిది, క్యూలోనూ ఆఖరిది,
వజ్రమ్మ చెయ్యెత్తింది.
"అది నాది. మా పడవ ఇంజనుకు తీసుకున్నా.
దాని మీద యాల రాసినావు?"

వెనక్కి పొమ్మని మీటలు నొక్కాను.
మూసి తెరిచిన ఫైలుకు
వెనక అనేది లేదంట.

మస్తాన్‌బీ అంది:
"పనికి కూర్చున్నట్టు కూర్చుందాం రాండే.
తొలిరోజు పేర్లు రాసుకుంది
ఈయమ్మ బల్ల చుట్టూ తిరిగే గదా."
కూర్చున్నారు.
ఎవరి పక్కన ఎవరో
వాళ్ల మోచేతులకు తెలుసు.
తలుపు దగ్గర వజ్రమ్మ, ఆమె ఎడమన చెంచులక్ష్మి,
తూకం మిషను పక్కన కామాక్షమ్మ...
నేను మళ్లీ చుట్టూ తిరిగాను, మళ్లీ రాసుకున్నాను.
మస్తాన్‌బీ కొంగు చివర పద్నాలుగు ముడులు.
ఆమె వరసలో పద్నాలుగు బేసిన్లు.
అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను.

ఇకమీదట చెదరకూడదని
మూడు షీట్లలోనూ పేర్లు ఎక్కించాను.
పేరు పట్టుకొని కిలోలు వెతకమన్నాను.
మళ్లీ తప్పు.
పెంచలకోనకు మొక్కి కన్నోళ్లు
మా షెడ్డులోనే నలుగురు.
పెంచలమ్మ ఏదంటే
మిషను మొదటి పెంచలమ్మ గడపలోనే ఆగి
తెచ్చిన జవాబునే నలుగురికీ పంచింది.
"నా దాకా ఏదీ రాదులే అమ్మా,"
నవ్వింది నాలుగో ఆమె,
"గ్యాసు బండ కూడా ముందామె ఇంట్లోనే దిగతాది."

బేసిన్ల అడుగున చూశాను.
ఎవరిది వాళ్లు గోళ్లరంగుతో గుర్తు పెట్టుకున్నారు.
ఒక చుక్క, రెండు గీతలు, చేప, చందమామ.
ఆ గుర్తుల పక్కన
ఒకటి నుంచి అరవై మూడు దాకా అంకెలు వేశాను.
ఆ అంకెను మూడు షీట్లలోనూ
ప్రతి వరస నుదుట పెట్టాను.
ఇక పేర్లను ఎటు తిప్పినా
కిలోలను చిన్నా పెద్దా చూసి పేర్చినా
ఎవరి కష్టం వాళ్లను వెతుక్కుంటూ వస్తుంది.
ఎవరి అప్పు కూడా.

"నాదెంత?" నాలుగో పెంచలమ్మ అడిగింది.
"యాభై రెండు."
చదువు రాదంది, అరచెయ్యి చాపింది.
పెన్నుతో రాసిచ్చాను.
సాయంత్రానికి ఐసు నీళ్లు
ఆ రెండు అంకెలనూ కడిగేశాయి.
అప్పటికి ఆమె
బల్ల మీది తడిలో, చూపుడువేలితో,
యాభై రెండు రాస్తా ఉంది.