పురిటి పద్దు

మొదటి పుస్తకం కొన్నరోజు కొట్టువాడు నవ్వాడు,
"ఒకటేం సరిపోతుందమ్మా, రెండు తీసుకో" అని.
తొమ్మిది వందల పన్నెండు, వియన్నా.
పద్నాలుగు నెలల్లో నిండిపోయింది.
సిరా ఆరకముందే ఇంకో తలుపు తట్టేవాళ్ళు,
ఒకరి నెత్తురు కడుక్కున్న నీళ్ళు పారబోసి
ఇంకొకరి నీళ్ళు కాచేదాన్ని.

ఇది ఐదో పుస్తకం.
ముప్ఫై నాలుగొచ్చినా సగం తెల్లగానే ఉంది.
వెనకవైపునుంచి గ్యాసు లెక్కలు రాసుకుంటున్నాను,
ముందువైపునుంచి పిల్లలు.
ఏ పేజీలో ఎదురుపడతాయో చూడాలి.

మా అంతస్తులో ఎనిమిది ఇళ్ళకి ఒకటే కొళాయి, నడవాలో.
అప్పట్లో దానికింద పొత్తిగుడ్డల తగాదాలు,
నీ వంతా నా వంతా అని జుట్లు పట్టుకోవడాలు.
ఇప్పుడు రాత్రిపూట
అది కారే చుక్కలు లెక్కపెట్టొచ్చు.

రిబ్బన్లు నేసే క్రాఫెన్‌బావర్ ముసలమ్మకి
పదకొండు పురుళ్ళు, ఆరు పాతిపెట్టింది.
వాళ్ళ హెర్మీనెకి ఒక్కడు.
అద్దె రసీదు వెనక పెన్సిల్‌తో లెక్క వేసి చూపించింది:
పాలు, బొగ్గు, వాడి బూట్లు, మొగుడికి పనిలేని వారాలు.
కూడి, తీసి, మళ్ళీ కూడింది.
"ఎక్కడ పట్టిస్తావో నువ్వే చెప్పు, ఒటీలియే" అంది.
లెక్కలో నేను తప్పు పట్టలేకపోయాను.

లెక్కల ఆఫీసునుంచి ఒకాయన వచ్చాడు
బడి హాల్లో ఉపన్యాసానికి.
తొట్టెలకన్నా శవపేటికలు ఎక్కువయ్యాయట,
ఊరు వట్టిపోతోందట.
గోడమీద గీత పైనుంచి కిందికి
మా మెట్లంత నిటారుగా దిగింది.
హెర్మీనె లేచి నిలబడింది:
"రెండోదాన్ని ఎక్కడ పడుకోబెట్టమంటారు, అయ్యా?
పగలు నిద్రపోయే అద్దెమనిషి కాళ్ళదగ్గరా?"
వెనక వరసల్లో నవ్వులు.
ఆయన గీతని చుట్టచుట్టి గొట్టంలో పెట్టుకున్నాడు.

పిల్లల బళ్ళు చేసే జెలింకా
ఇప్పుడు వాటిని అద్దెకిస్తున్నాడు, గంటకింత అని.
మొన్న ఒకతను తోసుకుంటూ ఎదురొచ్చాడు,
చక్రం కీచుమంటోంది.
ముప్ఫై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా,
వంగి, ముసుగు కాస్త తప్పించి
"ఎవరి పోలిక?" అన్నాను.
లోపల గ్యాసు ఫ్యాక్టరీ దగ్గర ఏరుకొచ్చిన బొగ్గు.
"అచ్చం నా పోలికే" అన్నాడు
మసి అంటిన మొహంతో.
ఇద్దరం నవ్వాం. అతను ముందు ఆపేశాడు.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక
ఏదొచ్చినా పట్టాలంటారు.
ఏదీ రాకపోతే ఏం పట్టాలో
ఎవరూ చెప్పలేదు.

రాకుండా చెయ్యమని మాత్రం వస్తారు.
చీకటిపడ్డాక, తలగుడ్డ కళ్ళమీదికి లాక్కుని,
పెళ్ళి ఉంగరం గుప్పిట్లో పెట్టుకుని.
ఆ పద్దు ఈ పుస్తకంలో లేదు.
కొందరికి చెయ్యి ఆసరా ఇచ్చాను,
కొందరిని జైలు భయంతో వెనక్కి పంపాను.
వెనక్కి పంపినవాళ్ళలో ఒకామెది పచ్చ తలగుడ్డ,
అంచు కాలింది.
తర్వాత ఆ తలగుడ్డని
వాళ్ళ చెల్లెలు కట్టుకోగా చూశాను.

మొన్న మంగళవారం
ట్రాము కండక్టరు భార్య గిజెలాకి నొప్పులు.
తెల్లారగట్ల ఆడపిల్ల, మూడు కిలోలకి వీసమెత్తు తక్కువ.
అది గొంతెత్తగానే
నడవాలో ఎనిమిది తలుపులూ ఒకటొకటే తెరుచుకున్నాయి.
క్రాఫెన్‌బావర్ ముసలమ్మ కొళాయి కట్టేసి మరీ విన్నది.
నిద్ర చెడిందని ఎవరూ తిట్టలేదు,
పగటి నిద్రల అద్దెమనిషి కూడా
బూట్లు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

లోపల గిజెలా నా మణికట్టు పట్టుకుంది.
నీళ్ళడుగుతుందేమో అని వంగాను.
"ఇంకోటి రాకుండా
ఏం చెయ్యాలో చెప్పి వెళ్ళు" అంది.

మాయ ఇంకా పడలేదు.